'కానీ' తర్వాత రాసినవి

మా అక్క పద్నాలుగేళ్ళు బడిలో పాఠాలు చెప్పింది. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా భాష ఆమెదే. బడిలో ఆమెకి మంచి పేరూ ఉండేది, చెడ్డ పేరూ ఉండేది. రెండింటికీ కారణం ఒకటే. ఏ నోటుబుక్కూ చదవకుండా సంతకం పెట్టేది కాదు. మిగతా టీచర్లు టకటకా టిక్కులు కొట్టి ఇంటికి పోతుంటే, అక్క సంచీ నిండా పుస్తకాలు మోసుకొచ్చి వంటింటి బల్ల మీద పరుచుకునేది. వ్యాసం కింద ఎర్రసిరాతో ఒక ముక్క రాసేది. బాగుందనో బాగాలేదనో కాదు. "ఇది నువ్వు చూశావా, ఎవరైనా చెబితే విన్నావా?" అని.

పిల్లలు తగ్గిపోయి ఆ బడిని పక్క బడిలో కలిపేశారు. ఇద్దరు భాషా టీచర్లు దేనికి, ఒకరు చాలన్నారు. సర్వీసులో అక్క చిన్నది కాబట్టి ఆమె పోస్టుకే ఎసరొచ్చింది. అప్పటికి ఆమెకి నలభై రెండేళ్ళు. ఆ తర్వాత మూడు నెలలు రోజూ నా షాపుకి వచ్చి కూర్చునేది. నాది పెద్ద షాపేం కాదు. పాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, చిరిగినవి అతకడం, అంతే. ఊరికే కూర్చోలేక అక్క అంచులు కుట్టేది. ఆమె వెళ్ళాక నేను విప్పి మళ్ళీ కుట్టేదాన్ని. ఆ సంగతి ఆమెకి తెలుసు. ఇద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు.

ఒక సాయంత్రం నేనూ అక్కడ ఉండగా, అక్క ఇంటికి వచ్చాడు అతను. అక్క దగ్గర చదువుకున్న పిల్లాడే, ఇరవై ఆరేళ్ళవాడయ్యాడు. గుమ్మంలో నిలబడి, అక్క కూర్చోమనేదాకా కూర్చోలేదు. మా బావకి అది తెగ నచ్చింది. ఆ రోజు నుంచి అతన్ని 'శిష్యుడు' అని పిలవడం మొదలుపెట్టాడు, మాకూ అదే అలవాటైంది.

శిష్యుడు మరో ముగ్గురితో కలిసి ఒక యాప్ తయారుచేశాడు. ఒకే వీధిలో ఉండేవాళ్ళు, ఒకే పేటలో ఉండేవాళ్ళు అందులో మాట్లాడుకుంటారు. పిల్లి తప్పిపోయిందని ఒకరు, గది అద్దెకుందని ఒకరు, పక్కింటివాళ్ళ మోటారు చప్పుడు భరించలేకపోతున్నామని ఒకరు. జనం బాగానే చేరారు. చేరేసరికి తిట్లు మొదలయ్యాయి, అబద్ధాలు మొదలయ్యాయి. ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చడానికి ఒక మనిషి కావాలి.

"కంప్యూటర్ తెలిసినవాళ్ళు నాకు చాలామంది దొరుకుతారు మేడం" అన్నాడు. "చదివేవాళ్ళు దొరకడం లేదు. మీరు నా వ్యాసాల కింద రాసేవారు చూడండి, చూశావా విన్నావా అని. నాకు కావలసింది అదే."

అక్క ఆలోచించి చెబుతానంది. అతను వీధి మలుపు తిరిగాడో లేదో, "రేపు ఏ చీర కట్టుకోను" అని నన్నడిగింది.

మొదట్లో ఆఫీసు ఒక టైర్ల షాపు పైన ఉండేది. ఆరుగురే మనుషులు. వేసవిలో కిందనుంచి రబ్బరు వాసన వచ్చి తల తిరిగేది. గోడ మీద అక్క పెద్దక్షరాలతో మూడు వాక్యాలు రాసి అంటించింది: 'చదవకుండా తీయొద్దు. కోపంలో తీయొద్దు. అనుమానం వస్తే పక్కవాళ్ళని అడుగు.' పని పెరిగేకొద్దీ మనుషుల్ని తనే ఎంచి తెచ్చుకుంది. డిగ్రీలు చూడలేదు. ఒకావిడ పందొమ్మిదేళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసి, నడుం నొప్పితో మానేసింది. ఒకాయన బస్సు కండక్టరు. టికెట్లు మెషీన్లు ఇవ్వడం మొదలుపెట్టాక ఆయన్ని ఇంటికి పంపేశారు. వాళ్ళని ఆఫీసులో అందరూ నర్సమ్మ, కండక్టరు అనే పిలిచేవాళ్ళు. మనుషుల్ని రోజంతా చూసినవాళ్ళకి, రాసిన మాట వెనక మనిషి కనబడతాడని అక్క నమ్మకం.

నర్సమ్మకి పని నెమ్మది. ఒక పోస్టు చూడడం మొదలుపెట్టిందంటే, అది రాసినవాళ్ళు అంతకుముందు రాసినవన్నీ తిరగేసేది. ఒకసారి ఒక పోస్టు మోసం అని ఫిర్యాదొచ్చింది. 'ఈ ఆదివారం మా ఇంట్లో సామానంతా ఉచితంగా ఇచ్చేస్తున్నాను, కావలసినవాళ్ళు వచ్చి తీసుకెళ్ళండి' అని ఉంది అందులో. ఎవరైనా మోసమనే అనుకుంటారు. నర్సమ్మ అది రాసినావిడ పాత పోస్టులు పన్నెండు చదివింది. అంతకుముందు వారం పిల్లిని ఎవరికో ఇచ్చేసింది. దానికి ముందు మొక్కలు. దానికి ముందు ఒక డాక్టరుకి కృతజ్ఞతలు. నర్సమ్మ లేచి అక్క దగ్గరికి వచ్చి, "మేడం, ఈమె ఇల్లు ఖాళీ చేయడం లేదు. వెళ్ళిపోవడానికి సిద్ధమవుతోంది" అంది. అక్క అరగంటలో పోలీసుల్ని ఆ ఇంటికి పంపించింది. ఆమె బతికింది. ఆ రోజు శిష్యుడు ఆఫీసులో అందరి ముందూ నర్సమ్మ చేతులు పట్టుకున్నాడు.

కండక్టరు సంగతి వేరు. ఆయనకి నోరు ఊరుకోదు. చెత్త పోస్టులు చూసి చూసి అందరి మొహాలూ వేలాడిపోయిన వేళ, "ముందుకు జరగండి, ముందుకు జరగండి, వెనక బోలెడు ఖాళీ" అని అరిచేవాడు. గది గొల్లుమనేది.

అక్కకి ఒక పద్ధతి ఉండేది. ప్రతి శుక్రవారం ఒక్కొక్కరితో పది నిమిషాలు విడిగా మాట్లాడేది. ఈ వారం ఏది కష్టమనిపించింది, ఏది తప్పు చేశావనిపించింది, ఇంట్లో నిద్రపడుతోందా అని అడిగేది. తర్వాత ఒక నోటు పుస్తకంలో వాళ్ళ పేరున్న పేజీలో నాలుగు ముక్కలు రాసుకునేది. మంచీ చెడూ రెండూ. బడిలో పిల్లల గురించి రాసుకున్నట్టే. ఆ పుస్తకం ఎవరికీ చూపించేది కాదు, నాకు కూడా.

నాలుగేళ్ళలో ఆ యాప్ ఎక్కడికో పోయింది. ఎవరెవరో పెట్టుబడి పెట్టారు. టైర్ల షాపు పైనుంచి తొమ్మిదంతస్తుల అద్దాల భవనానికి మారారు. అక్క కింద నలభై నలుగురయ్యారు. వీధి కబుర్ల పక్కన వీడియోలు వచ్చి చేరాయి, ఆ తర్వాత వీడియోలే మిగిలాయి. పొద్దున తీసేయమన్నదాన్ని మధ్యాహ్నానికి ఉంచమనేవాళ్ళు. ఒక్క ఏడాదిలో అక్క మీదికి నలుగురు మేనేజర్లు వచ్చారు. మొదటాయన పొద్దున్నే అందరినీ గుండ్రంగా నిలబెట్టి మాట్లాడించేవాడు. రెండో ఆవిడ జట్లన్నీ విడగొట్టి కలిపింది. మూడో ఆయన ప్రకటనల విభాగంలో కలిపేశాడు, ఎందుకో ఆయనకే తెలీదు. వచ్చిన ప్రతివాళ్ళూ విభాగం పేరు మార్చారు. "బోర్డు మీద పెయింటు దేనికండీ, సుద్దముక్కతో రాసుకుందాం" అన్నాడు కండక్టరు.

ఆ గాలివానలో జట్టుని చెదరకుండా పట్టుకున్నది అక్కే. పైనుంచి వచ్చిన తాఖీదుని యథాతథంగా కిందికి పంపేది కాదు. మనుషుల భాషలోకి మార్చి చెప్పేది. ఘోరమైన వీడియోలు రెండు గంటలు చూసినవాళ్ళు తప్పకుండా పావుగంట బయట నడవాలని పోట్లాడి సాధించింది. అయితే ఒక మాట చెప్పకపోతే అబద్ధమవుతుంది. ఆమెకి కొంచెం గర్వం కూడా వచ్చింది. మేనేజర్లతో పేచీ వచ్చినప్పుడల్లా, "రానీ, నేను వెళ్ళి వాడితో మాట్లాడతాను. వాడు నా మాట కాదనడు" అనేది. కంపెనీ అధిపతిని వాడు అనగలిగిన మనిషి ఆ భవనంలో ఆమె ఒక్కతే.

బావ కళ్ళద్దాల షాపు నడుపుతాడు. "దగ్గరివి బాగా కనబడుతున్నాయంటే దూరపు చూపు పరీక్ష చేయించుకోవాలి" అని ఒకసారి అన్నాడు. అక్క పట్టించుకోలేదు. ఆయన ఎప్పుడూ అద్దాల గురించే మాట్లాడతాడు కదా అనుకుంది.

నాలుగో మేనేజరు పేరు షీటు సారు. ఎవరేం చెప్పినా, "షీట్లో పెట్టి పంపండి" అనేవాడు. అందుకే ఆ పేరు. మనిషి మర్యాదస్తుడే, గొంతు పెంచడు. ఒక పోస్టుకి నలభై సెకన్లు అని లెక్క కట్టాడు. నలభై సెకన్లు దాటితే ఆ పేరు ఎర్రరంగులోకి పోయేది. నర్సమ్మ పేరు ఎప్పుడూ ఎర్రగానే ఉండేది.

ఒక రోజు షీటు సారు అక్కని పిలిచి, జట్టులో ఒక్కొక్కరి బలాలూ లోపాలూ రాసివ్వమన్నాడు. అక్క కుదరదంది. "అవి నేను వాళ్ళకి మేలు చేయడానికి రాసుకున్నవి, మీ షీటు కోసం కాదు" అని లేచి వచ్చేసింది. నా షాపుకొచ్చి ఆ సంగతి చెబుతూ నవ్వింది కూడా.

రెండు రోజుల తర్వాత శిష్యుడే స్వయంగా ఆమె సీటు దగ్గరికి వచ్చాడు. అతను ఆ అంతస్తులో అడుగుపెట్టి ఏడాదైంది. "కాస్త నడుద్దామా మేడం" అని మెట్ల వైపు తీసుకెళ్ళాడు. ఇద్దరూ కింది దాకా నడుచుకుంటూ దిగారు.

"మీ వాళ్ళ గురించి ఆయన దగ్గర అంకెలే ఉన్నాయి" అన్నాడు. "అంకెలే చూస్తే నర్సమ్మగారు ఏమవుతారో మీకు తెలుసు. మీ మాటలు పక్కన ఉంటేనే మనుషులుగా చూస్తారు. ఇది ఎవరికి ఏ శిక్షణ కావాలో తెలుసుకోవడానికే."

"ఎవరినీ తీసేయడానికి కాదు కదా?"

"నేనుండగానా మేడం?"

"నాకు సూటిగా చెప్పు."

"కాదు మేడం. నా మాట."

అక్క ఇంకేం అడగలేదు. ఒక్కటి మాత్రం చెప్పింది: "రాస్తే అబద్ధం రాయను. ఉన్నదున్నట్టు రాస్తాను." అతను, "అందుకే కదా మీ దగ్గరికొచ్చాను" అన్నాడు.

వారం రోజులు సాయంత్రాలు నా షాపులోనే ఆ పని జరిగింది. నేను నోటు పుస్తకం చూసి చదివేదాన్ని, ఆమె టైపు చేసేది. ఆ పుస్తకం చదవడం నాకదే మొదలు. చదువుతుంటే ముచ్చటేసింది. నర్సమ్మ పేజీలో ఇలా ఉంది: 'వేగం చాలా తక్కువ. ఒక్కో పోస్టు దగ్గర నాలుగు నిమిషాలు ఆగుతుంది. కానీ ఆమె ఆగిన చోట మేమందరం ఆగి చూడాల్సింది ఉంటుంది. ఇన్నేళ్ళలో ఆమె తీసేసిన ఒక్క పోస్టు కూడా మళ్ళీ పెట్టాల్సి రాలేదు.' కండక్టరు పేజీలో: 'పని మధ్యలో కబుర్లు ఎక్కువ. నవ్వులాట ఎక్కువ. కానీ ఈయన నవ్వించకపోతే ఈ గదిలో సాయంత్రం దాకా ఎవరూ కూర్చోలేరు. నేనైతే కూర్చోలేను.' అందరి పేజీలూ అంతే. ముందు లోపం, తర్వాత 'కానీ', ఆ తర్వాత అసలు సంగతి.

"అక్కా, ఇవి బయటివాళ్ళకి ఇచ్చేవేనా?" అన్నాను ఒకసారి.

"ఇది వాళ్ళ కోసమేనే. చదివితే వాళ్ళ విలువ తెలుస్తుంది."

నేను మళ్ళీ అడగలేదు. ఆమె చదువుకున్నది, నేను గుడ్డలు అతికేదాన్ని. పెద్ద ఆఫీసు సంగతి నాకేం తెలుసు అనుకున్నాను. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నా మీద నాకే కోపం వస్తుంది.

కాగితాలు ఇచ్చేసిన మర్నాడు అక్క జట్టంతటినీ పిలిచి చెప్పింది. "మీ గురించి నేను రాసిచ్చాను. నిజమే రాశాను. భయపడాల్సిందేం లేదు. పూచీ నాది." ఎవరూ భయపడలేదు. అక్క మాటంటే వాళ్ళకి రాతిమీద గీత.

ఐదు వారాలు గడిచాయి. ఒక మంగళవారం ఉదయం పదకొండు గంటలకి గదిలో ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. అక్కదీ, ఇంకో ఆరుగురివీ తప్ప. ఎవరి ఫోన్లోకి వాళ్ళు చూసుకుంటున్నారు. రెండో వరసలో ఒకమ్మాయి లేచి తలుపు దగ్గరికి వెళ్ళి కార్డు పెట్టింది. తలుపు తెరుచుకోలేదు. మళ్ళీ పెట్టింది. అప్పుడర్థమైంది అందరికీ. నలభై నలుగురిలో ముప్ఫై ఎనిమిది మందికి ఉద్వాసన.

ఉత్తరంలో అందరికీ ఒకే మొదలు, ఒకే ముగింపు. మధ్యలో మాత్రం ఒక్కొక్కరికి వేరువేరుగా రెండు వాక్యాలు. 'మీ జట్టు నాయకురాలు రాతపూర్వకంగా ఇచ్చిన అంచనా ప్రకారం' అని మొదలై, అక్క మాటలు. ఒక్క అక్షరం మార్చలేదు. 'కానీ' ముందు ఆపేశారు.

కండక్టరు ఫోను పట్టుకుని అక్క బల్ల దగ్గరికి వచ్చాడు. గట్టిగా చదివాడు. "పని మధ్యలో కబుర్లు ఎక్కువ. నవ్వులాట ఎక్కువ." చదివి, "ఇవి మీ మాటలేనా మేడం?" అన్నాడు.

"దాని తర్వాత ఇంకా ఉంది..."

"అది కాదు నేనడిగింది. ఈ రెండు వాక్యాలు మీరు రాసినవేనా?"

"నేను రాసినవే."

ఆయన తల ఊపాడు. బల్ల మీది నీళ్ళ సీసా, కళ్ళద్దాల డబ్బా తీసుకున్నాడు. సెక్యూరిటీ మనిషి వచ్చి తలుపు తీసేదాకా గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆరేళ్ళలో ఆయన ఒక జోకు వేయకుండా ఇంటికి వెళ్ళడం అక్క చూసింది ఆ ఒక్కసారే. నర్సమ్మ వెళ్ళేటప్పుడు అక్క వైపు చూడలేదు.

అక్క పైన తొమ్మిదో అంతస్తులో శిష్యుడి గదికి వెళ్ళింది. ఆమె కార్డు పనిచేసింది. అది ఆమెకి ఇంకా కష్టంగా అనిపించిందట.

శిష్యుడు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమెని చూసి కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

"నాక్కూడా చాలా బాధగా ఉంది మేడం. పెట్టుబడి పెట్టినవాళ్ళు ఒప్పుకోలేదు. వీడియోలు ఇక మెషీనే చూస్తుంది. నా చేతిలో లేకపోయింది."

"నేను రాసింది చదివావా?"

"చదివాను."

"మొత్తం?"

అతను నీళ్ళు నమిలాడు. "సారాంశం ఇచ్చారు. అది చదివాను."

"నీ నోటుబుక్కు ఎప్పుడైనా సారాంశం చదివి దిద్దానా నేను?"

అక్క అప్పుడు అసలు ప్రశ్న అడిగింది. "షీటు సారు దగ్గర అంకెలున్నాయి కదా. ఎర్రరంగూ ఉంది. వాటితోనే తీసేయొచ్చుగా. నా మాటలెందుకు?"

కిటికీ వైపు తిరిగి చెప్పాడు. "ఇంతమందిని ఒకేసారి తీస్తే గొడవవుతుందని లాయర్లన్నారు. వాళ్ళతో రోజూ పనిచేసిన మనిషి రాసిన కాగితం ఉండాలన్నారు. మీరు రాశారంటే ఎవరూ అనుమానించరు. వాళ్ళు కూడా."

"అంటే మెట్లు దిగుతూ నువ్వు నాకు మాటిచ్చిన రోజుకే ఇది తేలిపోయింది."

"మీ పేరు ఆ లిస్టులో ఉంది మేడం. నేనే పట్టుబట్టి తీయించాను."

ఆ మాట అతను గొప్పకి చెప్పుకున్నాడని కాదు, అది నిజంగా తన మంచితనమే అనుకున్నాడు అంది అక్క నాతో. తడిగుడ్డతో గొంతు కోసేవాడికి కూడా గుడ్డ మెత్తగా ఉందనే అనిపిస్తుంది కాబోలు. అక్క దిగి వచ్చేసింది.

నాలుగు రోజులు ఆమె ఇంట్లోంచి కదల్లేదు. జట్టు వాళ్ళకి ఫోన్లు చేసింది. ఇద్దరు ఎత్తి ఏమీ మాట్లాడకుండా పెట్టేశారు. మిగతావాళ్ళు ఎత్తలేదు. కంపెనీ నుంచి మాత్రం ఆమెకి కొత్త హోదా ఇస్తున్నట్టు ఉత్తరం వచ్చింది. మిగిలిన ఆరుగురికీ, ఒక మెషీనుకీ ఆమె అధికారిట.

ఐదో రోజున నోటు పుస్తకం తీసుకుని నా షాపుకి వచ్చింది. "పక్క వీధిలో జిరాక్స్ షాపు తెరిచాడేమో చూసి రా" అంది. ముప్ఫై ఎనిమిది మంది పేజీలూ కాపీ తీయించింది. తన చేతిరాతే, తన కొట్టివేతలతో సహా. ఒక్కో కాగితం కింద, 'నేను రాసింది మొత్తం ఇది. కత్తిరించి పంపింది నేను కాదు. కంపెనీకి రాసిచ్చింది మాత్రం నేనే' అని రాసి సంతకం పెట్టింది. ఆ చివరి వాక్యం వద్దన్నాను. "అది లేకపోతే నేనూ సగమే చెప్పినట్టు" అంది.

పోస్టులో పంపకుండా ఇంటింటికీ తిరిగింది. మూడు వారాలు పట్టింది. కొన్ని ఇళ్ళకి నేనూ వెళ్ళాను. కొందరు లోపలికి పిలిచారు. ఒకాయన కాగితం తీసుకుని మా ఎదురుగానే నాలుగు ముక్కలు చేశాడు. అక్క సంచీలోంచి అదే పేజీ ఇంకో కాపీ తీసి ఆయన గుమ్మం మీద పెట్టి వచ్చింది.

నర్సమ్మ వాళ్ళది మూడో అంతస్తు. మేం వెళ్ళేసరికి బాల్కనీలో బట్టలు ఆరేస్తోంది. నడుం నొప్పికి ఒక చెయ్యి గోడకి ఆనించి, ఒక్క చేత్తో ఆరేస్తోంది. నేను వెళ్ళి బకెట్లోంచి దుప్పటి తీసి అందుకున్నాను. ఆవిడ చేతులు తుడుచుకుని కాగితం తీసుకుంది. చదవడానికి ఎప్పటిలాగే చాలాసేపు పట్టింది. అక్క నిలబడే ఉంది.

"బాగానే రాశారు మేడం" అంది చివరికి.

"నన్ను మోసం చేశారమ్మా."

"తెలుస్తోంది. నేను వార్డులో పేషెంట్ల గురించి ఇలాగే రాసేదాన్ని. ఆ కాగితం మంచానికి వేలాడుతుండేది. పేషెంటు కావాలంటే చదువుకునేవాడు." కాగితం మడతపెట్టింది. "ఈ మంచి మాటలు ఇన్నేళ్ళలో మాకొక్కసారి చూపించలేదేం మీరు? చూపించి ఉంటే, ఆ రోజు ఆ ఉత్తరం చదవగానే ఇది సగమేనని మాకే తెలిసేది కదా."

అక్క మెట్లు దిగుతూ నా భుజం పట్టుకుంది. శిష్యుడు చేసిందానికి ఆమె కళ్ళు తడవలేదు కానీ, నర్సమ్మ మాటకి ఆ మెట్ల మీద కూర్చుండిపోయింది.

కండక్టరు ఇంట్లో ఆయన భార్య తలుపు తీసింది. లోపల కుర్చీ జరిగిన చప్పుడు వినబడింది, ఆయన బయటికి రాలేదు. ఆమె కాగితం తీసుకుని, "ఆయన పడుకున్నారండీ" అంది. అప్పుడు మధ్యాహ్నం పన్నెండు.

ఈ తిరుగుడు సంగతి కంపెనీకి తెలిసింది. రహస్య పత్రాలు బయటికి ఇచ్చిందని అక్కని చిన్న గదిలో కూర్చోబెట్టి అడిగారు. "ఇది నా చేతిరాత, నా పుస్తకం. మీకిచ్చింది దీని నకలు" అంది. అలాగే కానివ్వండి అని ఆమె కార్డు తీసేసుకుని, ఇక రావొద్దన్నారు. ఆ గదిలో షీటు సారు ఉన్నాడు, శిష్యుడు లేడు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాడు పక్కన నిలబడి మంట చూడడు కదా.

పదకొండు మంది ఆ పేజీలు పట్టుకుని కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్ళారు. అక్క వెళ్ళి సాక్ష్యం చెప్పింది. కంపెనీ లాయరు, "ఈ లోపాలు మీరు రాసినవి కావా" అని ఆమెని మళ్ళీ మళ్ళీ అడిగాడు. ప్రతిసారీ నేనే రాశానంది. ఎనిమిది నెలలు నడిచాక ఆ పదకొండు మంది ఉత్తరాల్లోంచి ఆ రెండు వాక్యాలూ తీసేసి కొత్త ఉత్తరాలిచ్చారు. ఉద్యోగాలు మాత్రం ఇవ్వలేదు. నర్సమ్మ ఆ పదకొండు మందిలో ఒకతె. అక్క రాసిన పేజీ చూపించే ఒక ఆసుపత్రిలో ఫిర్యాదులు చూసే పనిలో చేరింది. ఇప్పుడు అప్పుడప్పుడు అక్కకి ఫోను చేస్తుంది. మునుపటిలా కాదు, పలకరింపుగా.

శిష్యుడు ఒక్కసారి వచ్చాడు, అక్క ఇంటికి కాదు, నా షాపుకి. ఆమె అక్కడ ఉంటుందని ఎవరో చెప్పారట. ఎప్పటిలాగే గుమ్మంలో ఆగాడు. అక్క ఒక పాత కోటు లోపలి అస్తరు గుడ్డ విప్పుతోంది. కూర్చోమనలేదు.

"మేడం, నన్ను తిట్టండి. మీరు తిడితే నాకు కొంచెం నయంగా ఉంటుంది."

"నేను పిల్లల్నే తిట్టేదాన్ని" అంది అక్క. "నీకు వయసొచ్చింది."

అతను ఇంకా నిలబడ్డాడు. ఆమె దారం లాగుతూనే ఉంది. నేనే లేచి, "షాపులో కస్టమర్లు వచ్చే వేళండీ" అన్నాను. వెళ్ళిపోయాడు. ఆ రోజు ఒక్క కస్టమరూ రాలేదు.

అక్క ఇప్పుడు ఒక కాలేజీలో, మధ్యలో చదువు మానేసి మళ్ళీ వచ్చిన పెద్దవాళ్ళకి రాయడం నేర్పుతోంది. మొదటి నెలలోనే ప్రిన్సిపాలు ఒక్కొక్కరి మీద అభిప్రాయం రాసివ్వమన్నాడు. "ముందు వాళ్ళకి చూపిస్తాను. వాళ్ళు సంతకం పెట్టాకే మీకిస్తాను" అందిట. ఆయనకి అది వింతగా అనిపించినా ఒప్పుకున్నాడు. ఆ పని ఆమె శ్రద్ధగానే చేస్తోంది. కానీ ఎవరైనా "నన్ను నమ్మండి" అంటే మాత్రం ఆమె మొహం వాడిపోతుంది. అవతలివాళ్ళకి ఎందుకో తెలీదు పాపం.

మొన్న బజారులో కండక్టరు కనబడ్డాడట. పది అడుగుల దూరంలో, చేతిలో సంచీతో. అక్కని చూశాడు. చూసి, పక్క సందులోకి తిరిగిపోయాడు. ఆ సందు ఎటూ పోదు, చివర గోడే. ఆయన తిరిగి రావాలంటే అక్క ముందునుంచే రావాలి. అందుకని ఆమె కొనాల్సినవి కొనకుండానే అక్కణ్ణించి కదిలి వచ్చేసింది.

ఆ సంగతి చెప్పి, అక్క "ఇప్పుడెక్కడ పనిచేస్తున్నాడో ఏమో. అక్కడి వాళ్ళని నవ్విస్తున్నాడంటావా?" అని అడిగింది.

నవ్విస్తూనే ఉంటాడులే అక్కా అన్నాను.